యిర్గచెఫ్ కాటా దగ్గర

యిర్గచెఫ్, గెదెయో కొండలు, దక్షిణ ఇథియోపియా
డిసెంబర్ నెలాఖరు, 2024

బాబాయ్‌కి, పిన్నికి,

పైన వేసిన తేదీ మన లెక్కది. ఈ దేశం లెక్కలో ఇప్పుడు 2017 నడుస్తోంది, నెల పేరు తాహ్సాస్. ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండింటికి తలా ముప్ఫై రోజులిచ్చి, మిగిలిన ఐదారు రోజులూ పదమూడో నెల ఖాతాలో వేస్తారు. రోజు కూడా అర్ధరాత్రి మొదలవదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క, మన పంచాంగంలో ఘడియల్లాగే. పొద్దున్న ఒంటిగంటకి బస్సు అన్నారంటే ఏడింటికన్నమాట. ఇక బస్టాండు బోర్డుల మీద అక్షరాలకి గుణింతం ఉంది, ఒక్కో హల్లుకి ఏడేసి రూపాలు!

ఇలాంటి వింతలు ఇక్కడ కావలసినన్ని. కానీ నేను రాయాలని కూర్చున్నది కాఫీ సంగతి. ఉద్యోగమంతా పాడేరు కొండల్లో కాఫీ మొక్కల చుట్టూ తిరిగిన మనిషి మీరు. ఆ మొక్క పుట్టింటికి వచ్చి మీకు ఉత్తరం రాయకపోతే పిన్ని కూడా నన్ను క్షమించదు.

అద్దిస్ అబాబా నుంచి దక్షిణంగా, హవాసా సరస్సు దాటి, దిల్లా దాటి, ఘాట్ ఎక్కుతూ పోతే యిర్గచెఫ్. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. దారిలో అడవి ఎక్కడ అయిపోయిందో, తోట ఎక్కడ మొదలైందో చెప్పలేం. మీ దగ్గర కాఫీకి సిల్వర్ ఓక్ నీడ, దానికి పాకించిన మిరియాల తీగ. ఇక్కడ పైన పెద్ద పెద్ద అడవి చెట్లు, కింద కాఫీ, పక్కనే అచ్చం అరటిలా ఉండే ఎన్సెట్. గెల కోసం చూస్తే లాభం లేదు, తినేది దాని దుంపా, బోదె గుజ్జూను. గుజ్జు గీకి గుంటలో పాతిపెట్టి, నెలల తరబడి పులియనిచ్చి, ఆ పిండితో రొట్టె కాలుస్తారు. కాఫీ ధర పడిపోయిన ఏడు ఈ జనాన్ని బతికించేది ఆ గుంటే. 2023లో యునెస్కో వాళ్లు ఈ గెదెయో కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. రైతు కమతం మాత్రం ఎప్పటిలా చిన్నదే. ఎకరం, రెండెకరాలు ఉన్నవాళ్లే ఎక్కువ, కొందరికి ఇంటి చుట్టూ ఉన్న చెట్లే ఆస్తి.

ఎండ వాలాక పండ్లు కడిగే కేంద్రం దగ్గరికి జనం దిగడం మొదలవుతుంది. మీ మాటల్లో పల్పింగ్ యూనిట్. గాడిద మీద బస్తా, ఆడవాళ్ల వీపున బస్తా, పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ సంచి. ఎర్రటి పండు తప్ప దోరది, పచ్చిది తీసుకోరు. కాటా ముందు పట్టా మీద గుమ్మరించి, ఎవరిది వాళ్లే కూర్చుని పచ్చికాయ ఏరేయాలి. ఒక ముసలాయన ఏరి పక్కన పెట్టిన పచ్చికాయల్లోంచి గుప్పెడు మెల్లిగా మళ్లీ రాశిలోకి జార్చాడు. కాటా గుమాస్తా చూశాడు. ఒక్క మాటనకుండా వంగి ఆ గుప్పెడూ తీసి అవతల పోశాడు. ఆయనా ఏమీ అనలేదు. తూకం అయ్యాక గుమాస్తా చీటీ రాసి చేతికిచ్చాడు. ముసలాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీ లోపలి అంచులో దోపుకున్నాడు. చేతికొచ్చిన నోట్లు మాత్రం లెక్కపెట్టి మామూలుగా జేబులో వేసుకున్నాడు. నోట్ల కన్నా చీటీ ఎందుకంత భద్రమో తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. దాని సంగతి కింద రాస్తాను.

పండ్లని నీళ్లలో పోసి తేలినవి తీసేస్తారు. పల్పర్‌లో తొక్క ఊడగొట్టి, తొట్లలో ఒకటిన్నర, రెండు రోజులు పులియనిచ్చి, కాలువలో చెక్క పారలతో తోస్తూ కడుగుతారు. మీకు తెలియనిదేమీ కాదు. తరవాత సిమెంటు కళ్లంలో పొయ్యరు, నడుమెత్తు మంచెల మీద పరుస్తారు. కొండ వాలు పొడవునా మంచెలే మంచెలు. ఇటొక వరస, అటొక వరస ఆడవాళ్లు నిలబడి విరిగిన గింజ, నల్లగింజ, పురుగు తొలిచిన గింజ ఏరుతుంటారు. మిట్టమధ్యాహ్నం ఎండకి కప్పాలి, రాత్రి మంచుకి కప్పాలి. పది పదిహేను రోజులు ఇదే పని.

గింజ ఏరే వాళ్లలో ఒకావిడ మమ్మల్ని ఇంటికి పిలిచింది. నేల మీద పచ్చగడ్డి పరిచింది, సాంబ్రాణి వేసింది. పచ్చిగింజలు కడిగి మా ఎదురుగానే పెనం మీద వేయించి, ఆ పెనం తెచ్చి మా ముఖాల ముందు తిప్పింది, పొగ పీల్చమని. రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, పిడిలేని బుల్లి కప్పుల్లోకి జానెడెత్తు నుంచి సన్నటి ధారగా పోసింది. నంజుకోవడానికి పేలాలు. కాఫీలో పంచదార కాదు, ఉప్పు! పిన్నికి చెప్పండి, తాగగలిగాను, బాగుంది కూడా. ఒక్కసారితో వదలరు. మొదటి కాపు అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన, అది తాగకుండా లేవకూడదు. ఈ దేశంలో పండే కాఫీలో దాదాపు సగం ఇలా ఇళ్లలోనే అయిపోతుంది. అయితే ఆవిడ వేయించిన గింజలు బజారు సరుకు. మేలురకం గింజ దేశంలో అమ్మకూడదని రూలు, అది డాలర్లు తేవాలి. పొద్దంతా ఆవిడ ఏరి పారేసే గింజల్లాంటివే సాయంత్రం ఆవిడ పెనంలోకి వస్తాయి.

ఇక ధర సంగతి. దాన్ని కట్టేది ఈ కొండ మీద కాదు, న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో, పౌనుకి ఇన్ని సెంట్లని. 1962లో కాఫీ పండించే దేశాలూ తాగే దేశాలూ కూర్చుని, ఎవరెంత ఎగుమతి చేయాలో కోటాలు రాసుకున్నాయి. ధర మరీ జారకుండా అది కొంతకాలం అడ్డం నిలబడింది. 1989 జూలైలో ఆ కోటాలు పోయాయి. వియత్నాం రొబస్టా, బ్రెజిల్ అరాబికా వరదలా వచ్చిపడ్డాయి. 2001 చివరికి పౌను అరాబికా 50 సెంట్ల లోపుకి దిగిపోయింది. హరార్ వైపు ఎంతోమంది కాఫీ చెట్లు పీకి చాత్ వేసుకున్నారు. అది నమిలితే మత్తెక్కే ఆకు, ఏడాదిలో ఎన్నోసార్లు కోసి అమ్ముకోవచ్చు. ఆ చెడ్డ రోజుల మీద 2006లో ‘బ్లాక్ గోల్డ్’ అని డాక్యుమెంటరీ వచ్చింది. ఒరోమియా కాఫీ రైతుల సహకార యూనియన్‌ని అప్పట్లో నడిపిన తాదెస్సె మెస్కెలా మంచి ధర కోసం దేశాలు పట్టుకుని తిరగడం అందులో చూడొచ్చు. ఆ యూనియన్ 1999లో పుట్టింది, ఇక్కడి యిర్గచెఫ్ యూనియన్ 2002లో.

పేరు కోసం కూడా కొట్లాడారు. 2005లో ఇథియోపియా ప్రభుత్వం యిర్గచెఫ్, సిదామో, హరార్ పేర్లు తమవని అమెరికాలో ట్రేడ్‌మార్క్‌కి అర్జీ పెడితే అక్కడి కాఫీ వ్యాపారుల సంఘం అడ్డుచెప్పింది. స్టార్‌బక్స్ చుట్టూ పెద్ద గొడవ నడిచి, 2007లో రాజీ కుదిరింది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మీరు వీధంతా కాఫీ పోయించారు కదా, అలాంటి ముచ్చటే ఇది. పేరు మనదైనంత మాత్రాన డబ్బు మనదైపోదన్నది వేరే విషయం.

ఫెయిర్‌ట్రేడ్ ముద్ర గురించి మీరు ఎప్పుడూ వెటకారంగా మాట్లాడతారు గనక అంకెలు రాస్తున్నాను. ముద్రతో కొనేవాళ్లు కడిగిన అరాబికాకి పౌనుకి 1.40 డాలర్లకి తగ్గకుండా ఇవ్వాలని 2011 నుంచి ఉండేది. 2023 ఆగస్టులో దాన్ని 1.80 చేశారు, పైన ఊరి పనుల కోసం 20 సెంట్లు. అంటే కిలో పచ్చిగింజకి 4 డాలర్ల చిల్లర. ఆ కిలో రావాలంటే ఆరు కిలోల పండు కోయాలి. వేయిస్తే 850 గ్రాములు మిగిలిందనుకుందాం, ఎనభై కప్పులకి ఢోకా లేదు. లండన్‌లో కప్పు మూడు డాలర్ల చొప్పున అమ్మినా 240 డాలర్లు. ఇదంతా దోపిడీ అని నేననను. అక్కడ పాలున్నాయి, దుకాణం అద్దె ఉంది, కాఫీ కాచే కుర్రాడికీ జీతం ఇవ్వాలి. కానీ ఆ 4 డాలర్లూ రైతు చేతికొచ్చేవి కావు, జిబూతీ రేవులో ఓడెక్కే గింజ ధర అది. లారీ, మిల్లు, యూనియన్ ఖర్చు, బ్యాంకు వడ్డీ తీసేశాక మిగిలిందే కొండెక్కుతుంది. పైగా ముద్ర ఉన్న రైతుల సహకార సంఘం కూడా తన సరుకంతా ఆ ధరకి అమ్ముకోలేదు. అడిగిన వాళ్లకే అడిగినంత, మిగతాది మామూలు ధరకే.

ఇప్పుడు చీటీ. కోసిన పండు ఆగదు, అదే రాత్రి పల్పర్‌లో పడాలి. రైతూ ఆగలేడు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం, ఇంట్లో పైసా ఉండదు. పిల్లల బడి ఫీజూ అప్పుడే. ఆ అదను చూసి సబ్సాబి వస్తాడు, అంటే ఊళ్లో పండ్లు పోగేసే దళారి. నవంబర్ పంట మీద ఆగస్టులో అప్పిస్తాడు. పండు ఎర్రబడేసరికే అది ఆయనది. దళారికి కాక సంఘంలో పోస్తే ఆనాటి రేటు చేతికిస్తారు, తూకం చీటీ ఇస్తారు. గింజ ఎండి, మిల్లు చేరి, ఓడెక్కి, డబ్బు తిరిగొచ్చాక లాభంలో అధిక భాగం చీటీల ప్రకారం పంచుతారు. అది నెలల తరవాతి మాట. ముసలాయన టోపీలో దాచుకున్నది ఆ రెండో విడత. మంచి ధర రైతుకి ముట్టేది ఆ విడతలోనే, అన్నాళ్లు దళారి దగ్గర అప్పు చేయకుండా బతకగలిగినవాడికే. ఎంత పెద్ద అంకె ముద్ర మీద వేసినా, ఆగస్టులో చేబదులు దొరకనివాడికి అది దక్కదు. సంఘానికి కావలసిందీ అదే, అక్టోబర్‌లో వేళకి బ్యాంకు అప్పు. అది ఆలస్యమైతే సీజను మధ్యలో కాటా మూసుకోవాల్సిందే.

ఈ ఏడు తమాషా చూడండి. బ్రెజిల్‌లో వానల్లేక, ఈ నెల 10న న్యూయార్క్ ధర పౌనుకి 3.40 డాలర్లు దాటి 1977 నాటి రికార్డు బద్దలు కొట్టింది. ఇక్కడ జూలైలో దేశపు కరెన్సీ బిర్‌ను మార్కెట్‌కి వదిలేస్తే డాలర్ విలువ రెట్టింపు దాటింది. కనీస ధర 1.80 ఎవరికీ గుర్తు కూడా లేదు. ప్రైవేటు వ్యాపారులు నోట్లకట్టలతో గడప గడపకీ తిరుగుతున్నారు. సభ్యులు సంఘం కాటా దాటి వాళ్లకి పోస్తున్నారు, ముందే తక్కువ ధరకి ఒప్పందాలు రాసుకున్న సంఘం దిక్కులు చూస్తోంది. రైతుని నేను తప్పు పట్టను. ఇరవై ఏళ్లకోసారి ధర తనవైపు తిరిగితే క్రమశిక్షణ గురించి పాఠం చెప్పడానికి మనమెవరం? మొన్నమొన్నటిదాకా ఇంకో వింత కూడా నడిచిందట. ఎగుమతి వ్యాపారులు కొందరు కాఫీని నష్టానికి అమ్మేవారు. దానితో వచ్చే డాలర్లతో సరుకు దిగుమతి చేసుకుని, అక్కడ లాభం లాగేవారు.

నాకు మింగుడుపడనిది మరొకటి. ఈ లెక్క ఎటు తిరిగినా మంచె దగ్గర నిలబడ్డావిడకి చీటీ లేదు, రోజుకూలీ అంతే. తోట లేదు గనక సభ్యత్వం లేదు, రెండో విడతా లేదు. లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థ (సోయస్) ఇథియోపియా, ఉగాండాల్లో పరిశోధన చేసి 2014లో ఈ మాటే బయటపెట్టింది. ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న చోట కూలీల పరిస్థితి మిగతా చోట్ల కన్నా మెరుగ్గా లేదంది. ముద్ర వేసేవాళ్లు ఆ లెక్కలు ఒప్పుకోలేదు. నేను చూసిన ఇంట్లో మటుకు వాళ్ల అభ్యంతరం కన్నా ఆ పరిశోధన మాటే నిజంలా ఉంది. పాడేరులో గిరిజనులే రైతులు, ఇంటిల్లిపాదీ కోసుకుంటారు గనక మీకు ఈ తేడా అంతగా కనబడి ఉండదు.

మీకు పని పెడుతున్నాను. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లు ఈ సీజనుకి కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్‌కీ, ఎండు చెర్రీకీ ఎంత ప్రకటించారు? డబ్బు వెంటనే ఇస్తున్నారా, ఆపి ఇస్తున్నారా? మీ రోజుల్లో బోనస్ ఇచ్చిన ఏడు ఉందా? షావుకార్లు జీసీసీ కంటే ముందే వచ్చి అడ్వాన్సులు ఇచ్చేవారని మీరోసారి అన్నారు, అది ఏ నెలలో, ఎంత వడ్డీకి? ఇక్కడి సంఘం కార్యదర్శి ఈ నాలుగు సంగతులూ అడిగాడు, నేను బాబాయ్‌ని కనుక్కుని చెబుతానన్నాను. బాలెహొన్నూరు పరిశోధన కేంద్రం తఫరికెలా అనే ఇథియోపియా మొక్కతో సంకరం చేసి సెలెక్షన్ తొమ్మిది అనే కాఫీ రకాన్ని తీసిందని చెబితే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. దాని దిగుబడి ఎంతో కూడా రాయండి.

ఉత్తరం అద్దిస్ హోటల్ చిరునామాకే వెయ్యండి.

మీ
చిన్నబ్బాయి