హైదరాబాదులో పాత చేతిగడియారముల బేరము

హైదరాబాదు నగరమున గడియారములకు కొదువ లేదు. 1591లో నిర్మింపబడిన చార్మినారునకు నాలుగు దిక్కుల గడియారములను 1889లో అమర్చిరి. దాని సమీపముననే మహబూబు చౌకునందు 1892 నాటి గడియారపు గోపురము కలదు. సికిందరాబాదు గోపురము 1897 నాటిది. 1935లో వెలసిన మొజంజాహీ మార్కెట్టు శిఖరముననున్నదియు గడియారమే. చేతికి గడియారము లేని కాలమున బాటసారులకు ఇవియే వేళ తెలుపుచుండెడివి. నేడు ఆ పనిని చేతిఫోను చేయుచుండగా, మన పెద్దల చేతిగడియారములు బీరువా అరలలో ఊరక పడియున్నవి. వానిని అమ్మదలచినచో ఎచ్చటికి పోవలెను?

గత మాఘమాసమున మా పినతల్లి కుమార్తె ఈ ప్రశ్నతోనే మాయింటికి వచ్చెను. ఆమెకు భర్త లేడు. కుమార్తె పరీక్షరుసుమునకు రెండువేల రూపాయలు తక్కువపడినవి. మామగారి గడియారమొకటి, భర్తవి రెండు ఆమెయొద్ద నుండెను. “అక్కయ్యా, వీధిలో పాతసామాను కొనువాడు మూడింటికిని కలిపి ఐదువందలిచ్చెద ననుచున్నాడు. ఇచ్చివేయుదునా?” అని యడిగెను. తొందరపడవలదని చెప్పి, ఆమెతోగూడ రెండు దినములు నగరమున తిరిగితిమి.

మొదట జుమేరాతు బజారునకు పోతిమి. జుమేరాతు అనగా ఉర్దూలో గురువారము. ఆనాడు పురానాపూలు ప్రాంతమున నేలపై గుడ్డలు పరచి పాతవస్తువుల నమ్ముదురు. తాళములు, కుళాయిలు, ఇత్తడిగిన్నెల నడుమ ముండ్లు లేని గడియారములును కుప్పగా నుండెను. అచ్చటికి వచ్చువారెల్ల చౌకను కోరి వచ్చువారే. చెవియొద్ద నుంచుకొని టిక్కుమను సవ్వడి వినుట తప్ప వేరు పరీక్ష లేదు. మామగారి గడియారమునకు 200 రూపాయలనిరి.

భర్త గడియారములలో నొకటి పసిమిగా మెరయుచుండుటచే నగలవర్తకునకు చూపితిమి. పైపూతయే గాని బంగారము కాదని ఆయన చెప్పెను. నిజమైన బంగారమే యైనను అచ్చట తూకమునకు మాత్రమే వెల కట్టుదురు. లోపలి యంత్రము త్రాసులో తూగదు.

మరునాడు ఆబిడ్సులో గడియారములు బాగుచేయు నొక వృద్ధునియొద్దకు పోతిమి. ఆయన కంటికి భూతద్దము తగిలించుకొని, మామగారి గడియారపు వెనుకమూత తీసి చూచెను. అది హెచ్.ఎం.టి. జనతా, 17 రాళ్ల యంత్రము, దినమున కొకసారి కీ ఇచ్చిన గాని నడువదు. హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ సంస్థ తోడ్పాటుతో 1961లో బెంగుళూరున చేతిగడియారముల తయారీ ప్రారంభించిరి. ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. పాత జనతాలను వెదకి కొనువారు నేడును కలరు.

“అమ్మా, నేనైన 900 ఇత్తును. శుభ్రపరచి, నూనెవేసి అమ్ముకొనవలెను గదా. కాని దీని డయలునకు ఎవరును మరల రంగు వేయలేదు. విలువ యంతయు అందే యున్నది. మెరుగు పెట్టెదమని యెవరన్నను ఒప్పుకొనకుడు. ఇట్టివి కూడబెట్టువా రొకరు సాయంకాలము వచ్చెదరు, ఆయనకు చూపుడు” అని ఆ వృద్ధుడు చెప్పెను. తన లాభము నొదలుకొని చెప్పిన ఆ మాట మాకు మిక్కిలి గౌరవము కలిగించెను. సాయంకాలము వచ్చినాయన గడియారమును చేత త్రిప్పి త్రిప్పి చూచి, 2,200 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చెను. సెల్లుతో నడచు మూడవ గడియారమును విడిభాగములకై వృద్ధుడే 150కి తీసికొనెను. పైపూత గడియారమును ఆమె అమ్మలేదు. పట్టీ మార్పించి కుమార్తె చేతికి కట్టెను.

ఫోనులో బొమ్మలు పెట్టి అమ్ముటయు నేడు కలదు. వెల హెచ్చుగానే రావచ్చును గాని జాగ్రత్త కావలెను. ఇంటి చిరునామా నీయక, జనసంచారము గల అంగడియొద్దనే కొనువానిని కలిసికొనవలెను. సొమ్ము చేరకముందు వస్తువు నీయరాదు. యూపీఐ ద్వారా సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను సంఖ్యతో పని లేదు. దానిని కొట్టుమనువాడు మోసగాడని తెలియవలెను.

ఒకే గడియారము పాతసామాను వానికి ఇనుము, మరమ్మతు చేయువానికి యంత్రము, కూడబెట్టువానికి అపురూప వస్తువు. కనుక వస్తువేదో ముందుగా తెలిసికొని, దానిని ఎరిగినవారి యంగడికి పోవలెను. వెలకట్టుట మగవారి పనియని సోదరీమణులు ఊరకుండరాదు. రెండు మూడు చోట్ల అడిగి చూచుటకు సిగ్గుపడ నక్కరలేదు. మా చెల్లెలు గడపయొద్దనే అమ్మివేసియున్నచో ఆ బాలిక పరీక్షరుసుము కొరకు అప్పు చేయవలసి వచ్చెడిది.