కళ్ళారా చూసినవాడి మాట

లేపాక్షి గుడిలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం దగ్గర ఒక గోడ ఉంది. దాని మీద రెండు ఎర్రటి మచ్చలు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లే కాబట్టి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దాదాపు ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగటం, పెద్ద నంది ముందు ఫొటో, ఆ తర్వాత ఈ గోడ.

గైడు కథ చెబుతాడు. పెనుకొండలో రాజుగారి ఖజానా చూసే విరూపణ్ణ ఆ సొమ్ముతో అనుమతి లేకుండా గుడి కట్టిస్తున్నాడని ఎవరో చాడీలు చెప్పారట. రాజు విచారించకుండానే కళ్ళు తీయించమన్నాడట. ఆ సంగతి తెలిసి విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడట. ఆ మచ్చలే ఇవి అంటారు. ఇది స్థల పురాణం. జరిగిందని ఎవరూ పూచీ పడరు.

ఒక ఏడు ఒక అమ్మాయి అడిగింది. ‘‘సార్, చాడీలని తెలిశాక రాజు ఆయన కళ్ళు మళ్ళీ పెట్టించినాడా?’’

పిల్లలంతా గొల్లున నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకు నవ్వలేకపోయానో ఇన్నేళ్ళకు చెప్పుకోవాలనిపిస్తోంది.

మాది ధర్మవరం. మగ్గాల ఇల్లు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, 1984లో, మా చిన్నమామతో కలిసి హిందూపురం వెళ్ళాను. చీరల బాకీలు వసూలు చేసుకుని రాత్రి ప్యాసింజరు ఎక్కాం. అవ్వ వాళ్ళ ఊళ్ళో జాతర ఉందని పెనుకొండలోనే దిగేశాం. స్టేషన్ నుంచి ఊరికి నడక. చింతచెట్ల కింద దారి. మామ ముందు, చేతిలో సంచితో. నేను పది అడుగులు వెనక.

ముగ్గురు వచ్చారు. నేను కంపచెట్ల వెనక పడిపోయాను. పడిపోయానో, దాక్కున్నానో నన్నడక్కండి. లేచి చూసేసరికి మామ లేడు. సంచీ లేదు.

పోలీసులు ఎవరినైనా గుర్తుపట్టావా అని అడిగారు. ‘‘ఒకణ్ణి గుర్తుపట్టాను. మా మామ దగ్గర మగ్గం నేసి, అడ్వాన్సు దగ్గర గొడవపడి మానేసినవాడు’’ అన్నాను. వాణ్ణి మా షెడ్డులో రెండు మూడుసార్లు చూసి ఉంటాను. ఆ గొడవ సంగతి ఊరందరికీ తెలుసు. మిగతా ఇద్దరూ దొరకలేదు. డబ్బూ దొరకలేదు. కేసంతా నా మాట మీద నిలబడింది.

బోనులో నిలబడి ప్రమాణం చేసి చెప్పాను. ‘‘చీకట్లో ఎలా చూశావు?’’ అని అవతలి వకీలు అడిగాడు. ‘‘వెన్నెల ఉంది. కళ్ళారా చూశాను’’ అన్నాను. వాడు చేతులు జోడించి ‘‘నేను కాదు సామీ’’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసి అబద్ధం కూడానా అనుకున్నాను.

యావజ్జీవం వేశారు. ఇంట్లో ఎవరికీ తృప్తి లేదు. అవ్వ గుండెలు బాదుకుంది. నాకు న్యాయం సగమే జరిగినట్టనిపించింది. మామను చంపినవాడు మూడు పూటలా తింటూ బతుకుతాడా? ఉరి ఎందుకు వేయలేదు?

మా వకీలు ఓపికగా చెప్పాడు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక హత్యకు మామూలు శిక్ష యావజ్జీవమే. ఉరి వేయాలంటే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అది అరుదైన కేసుల్లోకెల్లా అరుదైనది అయి ఉండాలంది. అంతకు ముందు 1974లో మన ఆంధ్రా కేసే ఒకటి, ఈడిగ అన్నమ్మది. జంట హత్యలు చేసిన ఆ యువతికి పడిన ఉరిశిక్షను జస్టిస్ కృష్ణయ్యర్ యావజ్జీవంగా మార్చారు. చిన్న వయసు, అత్తింటి నుంచి గెంటివేతకు గురైన బతుకు, ఒక పిల్లవాడికి తల్లి కావటం, ఏళ్ళ తరబడి ఉరి భయంతో గడపటం, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. వకీలు చెప్పినదంతా విన్నాను. ఒక్క ముక్కా తలకెక్కలేదు. చచ్చినవాడి వైపు లెక్క ఎవరు చూస్తారనే అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అలా అంటే వాళ్ళ మీద నాకు కోపం రాదు. అది రాక్షసత్వం కాదు, దుఃఖం.

పదేళ్ళు గడిచాయి. నేను టీచరునయ్యాను. ఒక రాత్రి ధర్మవరం జంక్షన్‌లో బండి కోసం నిలబడి ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద లైట్లు వెలుగుతున్నాయి. ఎదురుగా నాతో ట్రైనింగు చేసిన స్నేహితుడు వస్తున్నాడు. పరుగెత్తి భుజం మీద చెయ్యి వేశాను. ఆయన తిరిగి చూశాడు. ఎవరో! పోలికే లేదు. ‘‘పొరపాటైంది సార్’’ అని వెనక్కి వచ్చి సిమెంటు బల్ల మీద కూలబడ్డాను.

అంత వెలుతురులో, నాలుగు బారల దూరంలో, ఏ భయమూ లేకుండా చూసి కూడా ఒక మనిషిని ఇంకొకడనుకున్నాను. మరి ఆ రాత్రి? వెన్నెల ఉంది, నిజమే. చింతచెట్ల కింద ఎంత ఉంది? నేను నేలను కరుచుకుని ఉన్నాను. నేను చూసింది ఒక మొహాన్నా, లేక ఒక ఆకారాన్నా? మామకు గిట్టనివాడు ఎవడా అని మనసు వెతుక్కుని, షెడ్డులో చూసిన ఆ మొహాన్ని తెచ్చి ఆ ఆకారానికి తగిలించిందా?

నేను అబద్ధం చెప్పలేదు. అదే భయంకరమైన సంగతి. అబద్ధం చెప్పేవాడికి తాను చెబుతున్నది అబద్ధమని తెలుసు. నాకు ఏమీ తెలియదు.

ఒక వకీలును అడిగాను. ‘‘అప్పీలు కూడా అయిపోయింది కదా. ఇప్పుడేమని చెప్తావు? అనుమానంగా ఉందనా?’’ అన్నాడు. నోరు మూసుకుని వచ్చేశాను. ఆయన మాట నాకు సాకుగా పనికొచ్చింది. ఆ తర్వాత అతను జైల్లో గడిపిన రోజుల్లో నా వాటా ఎంతో ఇప్పటికీ లెక్క వేసుకుంటుంటాను.

1997లో హిందూపురంలో టీ కొట్ల దగ్గర అందరిదీ ఒకే చర్చ. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం బస్సుకు నిప్పు పెట్టారు. 23 మంది కాలిపోయారు. చలపతి, విజయవర్ధనరావు అనే ఇద్దరు యువకులకు ఉరి ఖాయమైంది. మార్చి 29న తీయాలని ముహూర్తం కూడా పెట్టాక సుప్రీంకోర్టు ఆపింది. మహాశ్వేతాదేవి లాంటివాళ్ళు ప్రాణభిక్ష పెట్టమని అడిగారు. చివరికి అది యావజ్జీవంగా మారింది. మా స్టాఫ్‌రూములో ఒక మాస్టారు బల్ల గుద్ది అన్నాడు. ‘‘వీళ్ళ విషయంలో అనుమానమే లేదు గదా! అనుమానం ఉన్నచోట వద్దు. లేనిచోట వేలాడదీయాల.’’

అందరూ తలూపారు. నేను చాక్‌పీసు తీసుకుని క్లాసుకు పోయాను. ఏం చెప్పను? ఆ రోజు బోనులో నాకూ అనుమానమే లేదు. ఉరి వేసిన ఏ జడ్జీ అనుమానంతో వేసి ఉండడు. సాక్ష్యం చెప్పిన ఏ సాక్షీ ‘బహుశా’ అని ఉండడు. అనుమానం పుట్టేది తర్వాత. చాలా తర్వాత.

నాది పల్లెటూరి కుర్రాడి కళ్ళ పొరపాటు అనుకోవచ్చు. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు సంగతి చూడండి. మహారాష్ట్రలో 2003 నాటి ఒక హత్యల కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేసింది. అదే సుప్రీంకోర్టు 2019లో ఆ ఆరుగురూ నిర్దోషులంది. కళ్ళారా చూసిన సాక్షి మొదట పోలీసుల ఆల్బంలో వేరే నలుగురి ఫొటోలు గుర్తుపట్టిన సంగతి అప్పుడు లెక్కలోకి వచ్చింది. పదహారేళ్ళు జైల్లో ఉన్నా, ప్రాణాలతో ఉన్నారు కాబట్టి బయటికి వచ్చారు. తలా అయిదు లక్షల పరిహారం ఇమ్మంది కోర్టు. రాజస్థాన్‌కు చెందిన రావ్‌జీ అనే ఖైదీకి ఆ అవకాశం కూడా లేకపోయింది. అతన్ని 1996లో ఉరి తీశారు. అతని తీర్పు బచన్ సింగ్ కేసు సూత్రానికి విరుద్ధంగా ఉందని 2009లో ఇంకో కేసు సందర్భంగా సుప్రీంకోర్టే చెప్పింది. ఎవరితో చెప్పుకోవాలి ఆ మాట?

‘‘భయం లేకపోతే ఎట్లా మాస్టారూ? ఉరి ఉంటేనే మన సీమ బాగుపడేది’’ అంటారు కొందరు. మా ప్రాంతం చూడని మరణశిక్షా? 1975లో పరిటాల శ్రీరాములు హత్య నుంచి, 2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవీంద్ర హత్య, 2011 జనవరిలో మద్దెలచెరువు సూరి హత్య దాకా ఎన్ని ఇళ్ళలో ఎన్ని శవాలు లేచాయో! ఇలా చంపిన ప్రతివాడూ అవతలివాడు చేసినదానికి శిక్ష వేశాననే అనుకుంటాడు. చస్తామని తెలిసి కూడా ఎవరూ ఆగలేదు. ఇక్కడ నేరస్తుణ్ణి ఇంతకాలం కాపాడింది ఉరి లేకపోవటం కాదు. సాక్షి నోరు విప్పలేకపోవటం. పట్టుబడటం ఖాయమని తెలిస్తే మనిషి ఆగుతాడు గానీ, ఎప్పుడో ఎవడికో పడే ఉరిని చూసి ఆగడు.

అన్ని ఘోరాలకూ ఒకటే లెక్క అని నేను అనను. ఢిల్లీ నిర్భయ కేసులో 2020 మార్చి 20న నలుగుర్ని ఉరి తీసినప్పుడు నా మనసులో ఒక మూల ‘సరే’ అనిపించింది. దాన్ని దాచుకోను. బతికే అర్హత పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారేమో. కానీ వాళ్ళను తప్ప ఇంకెవరినీ పట్టుకోని ఉరితాడు ఇంతవరకూ ఎవరూ పేనలేదు. 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ మరణశిక్ష ఉంది. చట్టం పేరు మారింది. చూసే కళ్ళు మాత్రం మనిషివే.

అతను 1999లో విడుదలై ధర్మవరం వచ్చాడని తెలిసింది. రెండు నెలలు ధైర్యం చాలలేదు. ఒక ఆదివారం వెళ్ళాను. ఎవరి షెడ్డులోనో కూలికి నేస్తున్నాడు. నన్ను చూసి మగ్గం ఆపాడు. జుట్టు తెల్లబడింది. ‘‘అన్నా, ఆ పొద్దు నేను చూసింది నిన్నేనా అని నాకు అనుమానంగా ఉంది’’ అన్నాను. పదిహేనేళ్ళకు నేను తీసుకెళ్ళగలిగింది ఆ ఒక్క వాక్యమే.

చాలాసేపు మాట్లాడలేదు. ‘‘నేను కాదని ఆ పొద్దే చెప్తి గదప్పా. నువ్వు ఆడే నిలబడి ఉంటివి’’ అన్నాడు. మళ్ళీ కాసేపటికి, ‘‘నీళ్ళు తాగుతావా?’’ అన్నాడు. తాగాను.

అతను నిజం చెబుతున్నాడో లేదో నాకు తెలియదు. చేసి ఉండవచ్చు కూడా. కానీ నేను వెళ్ళి నిలబడటానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. 1984లో నేను కోరుకున్నట్టే జరిగి ఉంటే ఆ వాక్యాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి?

ఇంకొకరికి కూడా చెప్పాలి కదా. మామ పోయినప్పుడు అత్తకు ఇరవై ఆరేళ్ళు. కండెలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆమెకు ఆ కోపమే ఊతకర్ర. అది లాక్కోవటానికి నాకు హక్కుందా అని చాలాకాలం తన్నుకులాడాను. చివరికి చెప్పాను. అత్త కండె చుట్టటం ఆపి నా మొహంలోకి చూసింది.

‘‘అట్లయితే మీ మామను చంపింది ఎవురో చెప్పు అల్లుడా’’ అంది.

ఆ తర్వాత ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది. పండక్కి పిలుస్తుంది, ఓళిగలు పెడుతుంది. ఆ ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక మనిషిని వేలాడదీసి ఉంటే జవాబు దొరికిందనుకుని, ఆమే నేనూ ఇన్నేళ్ళూ నిశ్చింతగా నిద్రపోయి ఉండేవాళ్ళం.