18 అంగుళాల లోపే!

డాలస్‌లో శనివారం అంటే మనవాళ్లకి ఇండియన్ స్టోరు, గుడి, బిర్యానీ. మే నెలలో ఒక శనివారం నేను మాత్రం ఫ్రిస్కో నుంచి బయల్దేరి, జార్జ్ బుష్ టర్న్‌పైక్ ఎక్కి గార్లండ్ వెళ్లాను. కార్ ఆడియో పోటీకి! పక్క సీట్లో నాన్న. తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. 31 ఏళ్లు లైన్‌మ్యాన్‌గా చేసిన మనిషి, అపార్ట్‌మెంట్లో కూర్చోలేక "నేనూ వస్తా పదరా" అన్నారు.

ఒక షాపు వెనక పార్కింగ్ స్థలం. టెంట్లు, మడత కుర్చీలు, బార్బెక్యూ పొగ. ఒక పికప్ ట్రక్‌లో బేస్ మోగుతుంటే బయట నిలబడ్డ నా చొక్కా ఊగుతోంది. ఒట్టు! శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. అందుకే అందరూ వాట్ల వెంట పడతారు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 1000 వాట్లు లాగితే కరెంటు 80 ఆంపియర్లు దాటుతుంది. మన ఇంట్లో గీజరు లాగేది 10 లోపే.

ఎవరు ఎక్కువ మోత మోగిస్తే వాళ్లదే కప్పు అనుకున్నాను. కాదట. ఐయాస్కా, మెకా లాంటి సంస్థలకి పెద్ద రూల్‌బుక్కులే ఉన్నాయి. స్పీకర్లు కంపెనీ ఇచ్చిన చోటే ఉంటే స్టాక్ క్లాసు. డోరు కోసి, డాష్‌బోర్డు విప్పి కొత్త చోట పెడితే పై క్లాసు, అక్కడ ముదుర్లుంటారు. సబ్‌వూఫర్ పెట్టె గట్టిగా బిగించి ఉండాలి. సడన్ బ్రేక్ వేస్తే అది వచ్చేది మన తల మీదికే కదా.

నా వంతు వచ్చింది. జడ్జి పెద్దాయన టార్చి పట్టుకుని బానెట్ తెరవమన్నాడు. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోయాడు. ఫ్యూజేది? డిక్కీ తెరిచి, ఆంప్లిఫయర్ పక్కనున్నది గర్వంగా చూపించాను. తల అడ్డంగా ఊపాడు. బ్యాటరీ నుంచి 18 అంగుళాల లోపే ఉండాలట.

ఆయన ఇంగ్లిష్ నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ విషయం అర్థమైపోయింది. "ఒరేయ్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండాల్సిన ఫ్యూజు తీసుకెళ్లి మంచం కింద పెట్టావేంట్రా!"

సిగ్గు లేకుండా చెప్తున్నా, నేను ఈసీఈ. ఫ్యూజు ఆంప్లిఫయర్‌ని కాపాడుతుందనుకున్నాను. అది కాపాడేది వైరుని. బానెట్ నుంచి డిక్కీ దాకా కార్పెట్ కింద 15 అడుగుల వైరు. అది మధ్యలో ఎక్కడ బాడీకి తగిలినా బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. వైరు హీటర్ కాయిల్ అవుతుంది. చివర్లో ఉన్న ఫ్యూజుకి ఆ సంగతే తెలీదు, కరెంటు అక్కడిదాకా వస్తేగా!

నాన్న ముందు బ్యాటరీ మైనస్ తీయించారు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో వైరు దూరే కన్నం దగ్గర రబ్బరు గ్రామెట్ ఉండాలి. లేదు. వైరు లాగి చూస్తే తొడుగు తెగి, లోపల రాగి మెరుస్తోంది. ముందు నెలే ఆ కారులో హ్యూస్టన్ వెళ్లొచ్చాం. వెనక సీట్లో అమ్మ, చెప్పులు విప్పి, పాదాలు ఆ కార్పెట్ మీద పెట్టుకుని పడుకుంది. ఆ వైరింగ్ చేసిన షాపుకి "చాలా నీట్‌గా చేశారు" అని ఐదు స్టార్లు కూడా ఇచ్చాను.

ఆ రోజు నేను పోటీలో లేను. వైరు మొత్తం పీకేశాం. ట్రక్కు కుర్రాడు తన టూల్‌బాక్స్‌లోంచి ఒక గ్రామెట్ ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఇంటిదాకా పాటల్లేవు, ఏసీ చప్పుడొక్కటే.

తర్వాతి వారం కొత్త 4 గేజ్ రాగి వైరు, 100 ఆంపియర్ల ఫ్యూజు తెచ్చాను. నాన్న టేపు పెట్టి కొలిచారు. 7 అంగుళాలు.

"ఇప్పుడు పెట్టు నీ పాట" అన్నారు.