చెవులు నిలబెట్టడం

కాంట్రాక్టు పొడిగించలేదని కాలేజీవాళ్ళు చెప్పిన వారానికి పుస్తకాల అట్టపెట్టెలతో తుని వచ్చేశాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, "అక్కా, దీన్ని డిసెంబర్లో వైజాగ్ షోకి తయారుచెయ్యాలి, నువ్వెలాగూ ఖాళీయే కదా" అన్నాడు తమ్ముడు. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న ఆడపిల్ల ఇంటికొస్తే ఖాళీగానే ఉంటుందని మావాళ్ళ గట్టి నమ్మకం.

అది ఆడ జర్మన్ షెపర్డ్ పిల్ల. ఐదో నెల, పళ్ళు మారే వయసు. ఈ జాతికి చెవులు నిటారుగా ఉండాలి. ఆ వయసులో నిన్న నిలబడ్డ చెవి ఇవాళ వాలిపోతుంది, ఒకటి లేస్తే రెండోది పడుకుంటుంది. తమ్ముడికి నిద్ర కరువైంది. ఎవరో ప్లాస్టరు చుట్టి నిలబెట్టమన్నారట. అమ్మ పడనివ్వలేదు. "పళ్ళొచ్చేటప్పుడు నీకు జొరమొచ్చేది. నిన్నేమన్నా కట్టి పడేశానేంట్రా?" అంది. ఏడో నెలకి రెండు చెవులూ వాటంతటవే లేచాయి.

కానీ చెవులు లేవడం వేరు, బరిలో జడ్జి ముందు అవి ముందుకి తిరిగి ఉండటం వేరు. ఒక వెనక కాలు కాస్త వెనక్కి చాపి నిలబడాలి, మెడ ఎత్తాలి, నోరు మూసుకోవాలి, కళ్ళల్లో 'ఇప్పుడేదో జరగబోతోంది' అన్న మెరుపు ఉండాలి. 1899లో జర్మనీలో ఫాన్ స్టెఫానిట్జ్ అనే గుర్రపు దళం కెప్టెను ఈ జాతిని నమోదు చేయించినప్పుడు ఆయనకి కావలసింది గొర్రెలు కాసే కుక్క. ఆ చురుకుదనం మంద కోసం. బరిలో మంద లేదు, తోడేలు లేదు. అయినా ఉన్నట్టే చూడాలి.

తమ్ముడు డాబా మీద గొలుసు లాగుతూ నలభైసార్లు పేరు పెట్టి పిలిచేవాడు. అది ఆవలించి, చెవులు వెనక్కి వాల్చి, మొహం పక్కకి తిప్పుకునేది. కుక్క ఆవలింత ప్రతిసారీ నిద్ర వల్ల వచ్చేది కాదనీ, ఇబ్బంది పడ్డప్పుడు కూడా అలాగే ఆవలిస్తుందనీ నాకు అప్పటికి తెలీదు. మునక్కాడలు తరుగుతూ చూస్తున్న అమ్మ ఒకరోజు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, పసిపిల్లలతో ఆడినట్టు "ఏదీ...?" అంది. రెండు చెవులూ టక్కున ముందుకి తిరిగాయి.

ఆ రోజు నుంచి శిక్షణ అమ్మ చేతిలోకి వచ్చింది, తమ్ముడి పేరు మీదే. కోడి కార్జం ఉప్పులేకుండా ఉడకబెట్టి, చేతికంటకుండా పెనం మీద ఆరబెట్టి చిన్న చిన్న ముక్కలు కోసేది. పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది, చేయబోతే తెలుస్తుంది. చెవులు ముందుకి వచ్చిన ఆ క్షణంలోనే ముక్క పెట్టాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చెవులు వాలడానికే బహుమతి ఇచ్చినట్టు. ఒక్కోసారి చూపించాలి, పెట్టకూడదు. పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు, అంతే. ఇంకా కావాలని అది అడుగుతుండగానే ఆపెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, 'ఏదీ' అన్న మాట ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు. ఇది నాన్నకి పెద్ద శిక్ష అయింది. "నా కళ్ళజోడేదీ?" అని అలవాటుకొద్దీ అరిస్తే చాలు, కుక్కపిల్ల పరిగెత్తుకొచ్చి ఆయన ముందు విగ్రహంలా నిలబడేది. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన వస్తువులు ఆయనే వెతుక్కున్నాడు.

గోలకి అలవాటు కావాలని స్టేషను రోడ్డుకి తీసుకెళ్ళేవాళ్ళం. గూడ్సు బండి దడదడలాడుతూ పోతుంటే అమ్మ "ఏదీ?" అనేది. జడ్జి పెదవులెత్తి పళ్ళ వరస చూస్తాడు కాబట్టి పాలబ్బాయి చేతా, ఎదురింటి పిల్లల చేతా దాని పళ్ళు చూపించేది.

నాకు పెళ్ళిచూపులు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? "తల కొంచెం ఎత్తు, మరీ ఎత్తకు" అని ఇరవై నాలుగేళ్ళ నాకు నేర్పింది ఈ అమ్మే. నాలుగుసార్లు కూర్చున్నాను. ఆ తర్వాత ఇంటర్వ్యూ బోర్డుల ముందు కూడా అదే భంగిమ, అదే మెరుపు. స్పానియల్ క్లబ్బు ఏ కళ్ళు, ఏ ముక్కు ఉంటే కుక్క గొప్పదో తేల్చే తీరుని వర్జీనియా వుల్ఫ్ 1933లో 'ఫ్లష్' నవలలో మనుషుల వంశగౌరవాల పక్కన పెట్టి వెక్కిరించింది. అదంతా కలిపి ఒక వ్యాసం మనసులో సిద్ధం చేసుకుని, గర్వంగా అమ్మకి చెప్పాను.

అమ్మ ముక్కలు కోయడం ఆపలేదు. "దానికి ఇష్టం లేకపోతే తిరిగి పడుకుంటది. దాన్ని మనం ఏం చెయ్యగలం? నువ్వు తిరిగి పడుకోలేకపోయావు. రెండూ ఒకటెలా అవుతాయే?" అంది. కాసేపాగి, "నీకు ముక్క కూడా పెట్టలేదు" అంది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

నా వ్యాసం అక్కడే ఆగిపోయింది. డోనా హరావే 2003లో 'కంపానియన్ స్పీషీస్ మానిఫెస్టో'లో శిక్షణని కేవలం అణచివేతగా చూడదు, ఒకరినొకరు గమనించుకోవడం నేర్చుకునే సంబంధంగా చూస్తుంది. చదివినప్పుడు, సొంత కుక్కతో పోటీలకి వెళ్ళే తీరిక ఉన్న దేశపు మాట అనుకున్నాను. అమ్మ ముందు ఆ అనుమానం కొంత తగ్గింది. పోలిక సులువుగా దొరికినప్పుడు మన స్త్రీవాద రచనలో దాన్ని వదులుకోవడం కష్టం. నాకూ కష్టంగానే ఉంది. జడ్జి చూపు గురించి నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ కుక్కపిల్లని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గమనించింది అమ్మ. అమ్మని గమనించింది ఎవరు? ఆ ప్రశ్న నా పోలికలో లేదు.

వైజాగ్‌కి అమ్మ ఎందుకన్నాడు తమ్ముడు. ఎండ, రద్దీ, కారులో చోటు లేదు. నేను దిగిపోతానన్నాను. చివరికి ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని అమ్మ వచ్చింది. ఆరు నుంచి పన్నెండు నెలల పిల్లల తరగతిలో మనవాడు కోటు వేసుకుని బరిలోకి వెళ్ళాడు. అక్కడ కుక్కపిల్ల అతని మొహం చూడనే లేదు. జర్మన్ షెపర్డ్ వాళ్ళలో ఒక ఆచారం ఉంది. బరి బయట నుంచి దాని సొంత మనిషి పిలుస్తుంది, ఆ గొంతుకి కుక్క చెవులు లేస్తాయి. మామూలు ప్రదర్శనల్లో నియమాలు దీన్ని ఒప్పుకోవు. ఈ సంగతి తెలియని అమ్మ తాడు పక్కన నిలబడి "ఏదీ?" అంది. పిల్ల శిల్పంలా నిలబడింది. ఎవరో బ్యాడ్జీ పెట్టుకున్నాయన వచ్చి, "అమ్మగారూ, మీరు ఇక్కడ ఉండకూడదండీ" అన్నాడు. అమ్మ తప్పు చేసినదానిలా వెనక్కి, కుర్చీల వెనక్కి, చివరికి షామియానా బయటకి వెళ్ళిపోయింది. కుక్కపిల్ల మెడ తిప్పుకుంటూ ఆమెనే చూసింది.

మూడో స్థానం వచ్చింది. తిరుగుదారిలో తమ్ముడు ఫోన్లో అందరికీ తన శిక్షణ గురించి చెప్పాడు. సర్టిఫికెట్టులో యజమాని పేరు ఉంది, పుట్టించినవారి పేరు ఉంది. అమ్మ వెనక సీట్లో ఖాళీ డబ్బా మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. దాని తల ఆమె మోకాలి మీద.

ఆ రోజు ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. తమ్ముడు ఛాతీ విరుచుకుని కెమెరా వైపు చూస్తున్నాడు. కుక్కపిల్ల చెవులు రెండూ నిటారుగా, కళ్ళు పెద్దవి చేసి, ఫోటోలో లేని షామియానా గుమ్మం వైపు చూస్తోంది.