ఇరువురు వీరబాలికలు

రాబోవు కాలమున లోకము క్రూరుల పాలైనచో మనుష్యులెట్లు జీవింతురో ఊహించి చెప్పు నవలలు కొన్ని కలవు. శంషాబాదులో విమానాశ్రయము ప్రారంభమైన 2008వ సంవత్సరమునందే అమెరికాలో సుజాన్ కాలిన్స్ వ్రాసిన 'ది హంగర్ గేమ్స్' వెలువడినది. 2011లో వెరోనికా రాత్ రచించిన 'డైవర్జెంట్' వచ్చినది. రెంటిలోను కథానాయిక పదునారేండ్ల బాలికయే. కాట్నిస్ గొప్పదా, ట్రిస్ గొప్పదా యని మా శంషాబాదు పిల్లలు వాదించుకొనుట నేను వినియున్నాను.

కాట్నిస్ పానెమ్ అను కల్పిత రాజ్యములో గని కార్మికుని కూతురు. అచ్చట ఏటేట 12 మండలములనుండి ఒక్కొక్క బాలుని, ఒక్కొక్క బాలికను చీట్లు తీసి యెన్నుకొని, ఒక్కరు మిగులువరకు ఒకరినొకరు చంపుకొనునట్లు చేయుదురు. రాజధానివారు దానిని వినోదముగా చూతురు. ఆకలిగొన్న పిల్లలు ధాన్యము, నూనె పుచ్చుకొన్నచో వారి పేర మరికొన్ని చీట్లు చేరును. తండ్రి గనిలో మరణింపగా ఇల్లు పోషించిన కాట్నిస్ పేరు 20 చీట్లకెక్కెను. చెల్లెలు ప్రిమ్‌ను మాత్రము ఆమె ఆ ధాన్యము తీసికొననీయలేదు. అయినను ప్రిమ్ పేరున్న ఒకే చీటి చేతికి వచ్చెను. అంతట అక్క ముందుకు వచ్చి, చెల్లెలికి మారుగా తానే పోయెను.

ట్రిస్ కథ చికాగో నగరమున జరుగును. అచ్చట జనులు నిస్స్వార్థత, ధైర్యము, సత్యము, శాంతి, జ్ఞానము అను గుణములనుబట్టి ఐదు వర్గములుగా విడిపోయి యుందురు. పదునారవ యేట ప్రతివారును ఒక వర్గమును ఎన్నుకొనవలెను. నిస్స్వార్థుల యింట పుట్టిన ట్రిస్ తల్లిదండ్రులను విడిచి ధైర్యవంతులలో చేరెను. కాని ఆమె మనస్సు ఏ ఒక్క గుణమునకును పరిమితము కాదు. అధికారము కోరువారు అట్టివారిని అపాయకరులని యెంచిరి. 2013లో వచ్చిన మూడవ భాగమున, తనకు ద్రోహము చేసిన అన్నకు మారుగా ఆమె మృత్యుముఖమునకు పోయి ప్రాణము విడిచెను.

కాట్నిస్ బాణము గురి తప్పదనియు, ట్రిస్ కదలుచున్న రైలునుండి దుముకుననియు పిల్లలు చెప్పుదురు. అవి సాధనచే అలవడు విద్యలు. ఎవరికొరకు తెగించిరో చూడవలెను. ఆ విషయమున ఇరువురును సములే. ద్రోహిని క్షమించిన ట్రిస్ త్యాగము చిన్నది కాదు. అయినను నా మనస్సు కాట్నిస్ వైపే మొగ్గును. 2010లో వెలువడిన ఆమె కథయొక్క మూడవ భాగమున తిరుగుబాటు జయించును. దాని నాయకురాలైన కాయిన్, ఓడిన రాజధానివారి బిడ్డలతో అదే క్రీడను మరల జరుపదలచును. అప్పుడు కాట్నిస్, నియంతయైన స్నోను వధించుటకు ఎక్కుపెట్టిన బాణమును కాయిన్‌పై విడుచును. హత్యను మెచ్చుకొనుడని నేను చెప్పను. శత్రువు చేసినపుడు పాపమైనది మనవారు చేసినను పాపమే యని ఆమె గ్రహించుట మెచ్చదగినది. శత్రువును ఎదిరించుటకంటె తనవారి తప్పును గుర్తించుట కష్టము.

ఇట్టి పాలన కల్పనలోనే యుండునని తలపరాదు. మన శంషాబాదు నిజాము ఏలుబడిలో నున్న కాలమున, అదే రాజ్యమందలి పాలకుర్తిలో చాకలి ఐలమ్మ యుండెను. ఆమె కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశముఖు లాగుకొనజూచెను. తిండిగింజలతో జనులను లొంగదీయు విద్య మన దొరలకును తెలియును. ఐలమ్మ లొంగలేదు. సంఘమువారి తోడ్పాటుతో ధాన్యమును ఇంటికి చేర్చుకొనెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టెను.

విద్యార్థులారా! ఈ నవలలను చదువుడు. చదివిన పిదప, విల్లు ఎవరు బాగుగా పట్టిరను ప్రశ్నతో ఆగక, 'నా పక్షమువారే అన్యాయము చేసినచో నేనేమి చేయుదును?' అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు.