బొంత కుట్టిన చేతుల సెలవు

ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినపుడు, కలము మా పనిముట్టు కాదని తప్పించుకొనజూచితిమి. కాని యీ యేడు మేము పాఠశాలను విడిచి పోవుచున్నాము. చెప్పకయే పోవుట కృతఘ్నత యగునని తోచి యొప్పుకొంటిమి.

మేము 1987వ సంవత్సరమున బాలికల వసతిగృహమున కుట్టుపని నేర్పుటకై చేరితిమి. గుండీలు, కాజాలు, జాకెట్లు నేర్పుట మా కొలువు. బొంతలు మాత్రము మా యమ్మ మాకిచ్చిన యాస్తి. ఆమె చాపమీద చీరలు పరచి కుట్టుచుండగా ఆ పొరల నడుమ దూరి చీవాట్లు తినిన బాల్యము మాది.

గంగిరెద్దు వీపుపై రంగురంగుల బొంతను జూచి మెచ్చుకొను పిల్లలే తమ మంచముపై దానిని వేయనొల్లరు. అందలి పని యెట్టిదో వారెరుగరు. క్రొత్తబట్ట బొంతకు పనికిరాదు. మొదటి యుతుకునకే ముడుచుకొని కుట్లను లాగివేయును. ఏండ్ల తరబడి ఉతికి యారవేసిన నూలుచీరయే కావలయును. దానిని గంజి పోవునట్లు నానబెట్టి, యెండబెట్టి, నాలుగు పొరలుగా పరచి, మూలల రాళ్లుంచి, ముందు పెద్దపెద్ద కుట్లతో పొరలు కదలకుండ పట్టింపవలయును. పిమ్మట అంచున మొదలిడి, చుట్టు తిరుగుచు నడిమికి రావలయును. ఇది మా యమ్మ పద్ధతి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలును అట్లే అంచునుండి లోనికి కుట్టుదురనియు, నాలుగు మూలల బట్టతో పూలు పెట్టనిదే బొంత పూర్తియైనట్లు తలపరనియు తరువాత విని మురిసితిమి. పాలియెస్టరు చీరలు వచ్చిన పిదప పాతనూలు దొరకుట కరవైనది. ఆ బట్ట చెమట పీల్చదు, పొరలు జారిపోవును. ఈ విషయమున మా కోపము నేటికిని తీరలేదు.

మా తప్పొకటి చెప్పవలసియున్నది. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, తల్లి చనిపోయిన మూడవ నెలలో, ఆమె చీర నొకదానిని తెచ్చి బొంత కుట్టిపెట్టుడని యడిగినది. మేము మా నేర్పును జూపగోరి, ఆ పిల్ల నడుగకయే, పమిటకొంగును ముక్కలుగా కత్తిరించి నక్షత్రము కూర్పబూనితిమి. ఆ పిల్ల జూచి బిగ్గరగా నేడ్వలేదు. “అమ్మ ఆ కొంగుతోనే నా మొగము తుడిచేదండీ” అని మాత్రమనినది. ఆ రాత్రియు, మరి రెండు రాత్రులును కూర్చుండి ఆ ముక్కలన్నిటిని తిరిగి కొంగుగా కలిపితిమి. కాని కత్తెర పోయిన దారి మాసిపోవునా? కుట్టు వంకరగా, నరమువలె ఉబికి నిలిచినది. ఆ యేడంతయు ఆ పిల్ల కన్నులలోనికి జూచుటకు వెరచితిమి.

పదునేడేండ్లకు ఆమె తన కుమార్తెను చంకనెత్తుకొని అదే బొంతతో వచ్చినది. అంచులు చివికినవి, బాగుచేయుడనినది. మేము వంకరకుట్టుపై చేయి వేయగానే, “అది మాత్రం ముట్టుకోకండి, టీచరుగారూ. చీకట్లో పాప దాన్ని తడుముకుంటేనే నిద్రపోతుంది” అనినది. మేము కన్నీరు గనబడకుండ దారము వెదకు నెపమున లోనికి బోయితిమి.

తరగతిలో మేము తరచు హారియెట్ పవర్సు కథ చెప్పుచుంటిమి. ఆమె 1837లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున బానిసగా పుట్టినది. బైబిలు కథలను గుడ్డముక్కలతో బొంతపై కూర్చి 1886లో ఏథెన్సు పట్టణపు ప్రత్తి ప్రదర్శనమున నుంచినది. ఆ యూరి చిత్రలేఖనోపాధ్యాయిని కొనగోరినను అమ్మలేదు. కొన్నియేండ్లకు పేదరికము మీదపడగా పది డాలర్లడిగి, ఐదింటికే యిచ్చివేసినది. పిమ్మట పలుమారులు పోయి దానిని జూచి వచ్చుచుండెనట! అది నేడు వాషింగ్టనులో స్మిత్సోనియను సంస్థవారి మ్యూజియమున నున్నది. మా బొంతలలో నొకటియు మ్యూజియమున లేదు. ఎవరి మంచముపైననో, ఎవరి యూయలలోనో చిరుగుచున్నవి. మాకదియే యిష్టము.

మా కన్నులకు నీటికాసులు వచ్చినవి. పోయిన చూపు తిరిగి రాదని వైద్యులు చెప్పిరి. ఈ వ్యాధిలో చూపు ప్రక్కలనుండి తరిగి నడిమికి వచ్చును. బొంతవలెనే యని నవ్వుకొంటిమి. ఆ రాత్రి మాత్రము నిద్రపట్టలేదు. గడచిన మూడేండ్లు ఆరవ తరగతి పిల్లలు తెల్లవారగనే యిరువది సూదులకు దారమెక్కించి మా దిండునకు గ్రుచ్చి పోవుచుండిరి. వంటశాలలోని అక్కలు తమ పాతచీరలను మాకే దాచి యిచ్చుచుండిరి. మా జీతమునుండి మిగిలినదేమో గాని, వీరినుండి పొందినది లెక్కకు రాదు. మరల పుట్టించి యేమి కావలెనని యడిగినచో ఈ కుట్టుగదియే యడుగుదుము.

కడపటి బొంత యొకటి కుట్టుచున్నాము. నాలుగంచులు ముగిసినవి, నడుమ జానెడు చోటు మిగిలినది. అక్కడికి వచ్చుసరికి చేయి వణకినది. సూదిని అచ్చటనే గ్రుచ్చి మడిచి, బీరువా పై యరలో నుంచితిమి. దారము ఎరుపుది, ప్రక్కనే యున్నది.