తెర మీది ఇంటర్వ్యూ

మా కాలమున ఉద్యోగపు ఇంటర్వ్యూ యనగా ఇస్త్రీ చొక్కా, రైలు ప్రయాణము, ఆఫీసు వరండాలో నిరీక్షణము. 2020లో కోవిడు వచ్చిన పిమ్మట ఆ వరండా మన యింటిలోనికే వచ్చినది. బరంపురములో నున్న మా మనుమరాలికి హైదరాబాదునుండి అట్టి పిలుపే వచ్చెను. అచ్చటి తెలుగు ఖాతాదారులతో ఫోనులో మాటలాడు ఉద్యోగమది.

కిటికీ వీపువైపున నున్నచో ముఖము నల్లగా కానవచ్చును గనుక బల్లను త్రిప్పించితిని. ల్యాప్‌టాప్ క్రింద నా పాత నిఘంటువులు రెండు పెట్టగా కెమెరా కంటి యెత్తునకు వచ్చినది. (అవి యిన్నాళ్లకు పనికివచ్చినవి!) తెరపైని ముఖమును చూచుచు మాటలాడిన, ఎదుటివారికి మనము నేలచూపులు చూచునట్లుండును, ఆ చిన్న కెమెరా కంటినే చూడవలెను. ఇది అలవడుటకు మూడు దినములు పట్టెను. కరెంటు పోయిన యెడల ఫోను ఇంటర్నెట్టును సిద్ధముగా నుంచితిమి.

ఆమె దిగులు వేరు. "తాతయ్యా, నా తెలుగు విని నవ్వుదురేమో!" అనెను. 1936 ఏప్రిల్ 1న మా యూరు ఒరిస్సా రాష్ట్రములో చేరినది. ఆమె చదివినది ఒడియా, ఇంగ్లీషులు. తెలుగు ఇంట వినినదే. యాసను దాచుకొమ్మని నేను చెప్పలేదు. దాచబోయిన నాలుక తడబడును. నిదానముగా పలుకుమని మాత్రము చెప్పితిని.

ఆనాడు కుక్కరు పెట్టవద్దని ఇల్లాలితో చెప్పి, నేను వీధి యరుగుపై కూర్చుంటిని. "మాది బరంపురమండీ" యని ఆమె పలికిన మాట కిటికీగుండ స్పష్టముగా వినవచ్చెను.